వెనకాల నిలబడే మనిషి

బీదర్‌లోని మంగళ్‌పేటకు వచ్చి గిద్యోను ఇల్లేదని అడిగితే, ఏ గిద్యోను అని ఎదురు ప్రశ్న వేస్తారు. లేపే గిద్యోను అంటే మాత్రం వీధి మొగలో ఇస్త్రీ బండివాడే చెయ్యి చాపి చూపిస్తాడు. తుంటి విరిగి మంచం పట్టినవాళ్లను, పక్షవాతంతో ఒక పక్క పడిపోయినవాళ్లను, రోగం నయమైనా నడక మీద నమ్మకం పోగొట్టుకున్నవాళ్లను తిరిగి నిలబెట్టడం అతని బతుకుతెరువు. కాళ్లలో బలం తెప్పించాలి, ఆ బలం మీద ఒంటి తూకం నిలపాలి. చెప్పడానికి ఒక్క వాక్యం; చెయ్యడానికి ఒక మనిషి నడుము మొత్తం కావాలి.

నలభై అయిదు దాటిన మనిషి. పొద్దున్నే బండి తీసి, హుమ్నాబాద్ దారిలో లారీల మధ్యనుంచి ఒక ఇంటికి, అక్కడినుంచి మళ్లీ ఊళ్లో ఇంకొక ఇంటికి తిరిగి, దీపాలు పెట్టే వేళకు వాకిట్లోకి చేరతాడు. చేరి, బండి దిగకుండా కాసేపు దాని మీదనే కూర్చుండిపోతాడు. గడప దాటి లోపలికి నడవాలన్నా విసుగు. బడిలో పిల్లలతో అరిచి అలసిన భార్య జాయ్ కిటికీలోంచి చూసి, "బండి మీదికే అన్నం తేవాల్నా?" అంటుంది. అతను నవ్వడు. నవ్వడానికి కూడా ఏదో ఒక కండరం పనిచెయ్యాలి కదా.

అతని బలానికి పుట్టిల్లు తాలీం. చెరకు బండ్లు తోలే తండ్రి సొంతూరు హళ్ళిఖేడ్ విడిచి బీదర్‌కు వచ్చినప్పుడు, వాళ్లు దిగిన ఇంటి వెనకనే కుస్తీలు నేర్పే తాలీం ఒకటి ఉండేది. ఒక చెవిలో చర్చి ఆదివారపు బడి పాటలు, ఇంకొక చెవిలో తాలీం ఉస్తాద్ తిట్లు వింటూ పెరిగాడు. కుస్తీలో పేరు రాలేదు గాని ఒళ్లు వచ్చింది. ఆ ఒంటిని చూసే హైదరాబాదులో ఒక జిమ్మువాళ్లు పనిలోకి తీసుకున్నారు. తర్వాత ఎన్ని మారినా మారని అలవాటు ఒకటి అతనికి అక్కడే అంటుకుంది.

ఒక సాయంత్రం కాలేజీ కుర్రవాడొకడు బెంచీ మీద వెల్లకిలా పడుకుని తన తాహతుకు మించిన బరువు ఎత్తాడు. తల దగ్గర నిలబడి కాచుకోవలసిన కోచ్ చాయ్ తాగడానికి వెళ్లాడు. ఇనుప కడ్డీ మెడ మీదికి దిగుతుంటే, హాలు ఆ చివరనుంచి గిద్యోను పరుగెత్తి వచ్చి లాగేశాడు. కుర్రవాడు బతికాడు. ఆ రోజు మొదలు ఎవరు ఏ బరువెత్తినా గిద్యోను వెనకాల నిలబడేవాడు. ముట్టుకోడు; అరచేతులు రెండూ వాళ్ల వీపుకు జానెడు దూరంలో చాచి ఉంచుతాడు. జిమ్ముల్లో దాన్ని స్పాట్ ఇవ్వడం అంటారు. తక్కిన కోచ్‌లకు అది పనిలో భాగం. ఇతనికి అది వ్రతమైపోయింది.

బీదర్‌కు తిరిగి వచ్చి చేరిన జిమ్ము కరోనా కాలంలో మూతబడి మళ్లీ తెరుచుకోలేదు. చేతులు ముడుచుకుని కూర్చున్న ఆ రోజుల్లోనే ఫిజియోథెరపీ డాక్టరు సంగమేష్ అతన్ని పిలిపించి, "ఎముకల సంగతి నేను చూసుకుంటా, కండల సంగతి నువ్వు చూసుకో" అని తన క్లినిక్కులో పెట్టుకున్నాడు. పక్కన నిలబెట్టుకుని నేర్పించాడు, పరీక్షకు కూర్చోబెట్టాడు, తర్వాత రోగుల ఇళ్లకు పంపడం మొదలుపెట్టాడు.

జిమ్ములో కుర్రాళ్లు అద్దంలో చూసుకోవడానికి బలం అడిగేవారు. ఈ ఇళ్లలో పెద్దవాళ్లకు మరుగుదొడ్డి మీదినుంచి లేవడానికి బలం కావాలి. అయితే అడిగేది వాళ్లు కారు. కొడుకు అడుగుతాడు, కోడలు అడుగుతుంది, ఎక్కడో ఉన్న మేనల్లుడు ఫోను చేసి అడుగుతాడు. మన ఇళ్లలో ముసలివాళ్ల శరీరం ఉమ్మడి ఆస్తి. వాటాదారులందరికీ దాని మీద మాట ఉంటుంది, అసలు హక్కుదారుకు తప్ప. ఆ శరీరం ఎప్పుడు లేవాలో, ఎంత నడవాలో, ఏ గదిలో పడుకోవాలో తీర్మానాలన్నీ దాని యజమాని ఎదుటనే జరుగుతాయి, యజమానిని ఎవరూ అడగరు. ఇక లేచి అడుగు వేయబోతే ఇంటిల్లిపాదీ ఉరికివచ్చి జబ్బ పట్టుకుంటారు. పట్టుకున్న చెయ్యి ఉన్నంతవరకూ కాలు తన పని నేర్చుకోదని గిద్యోను ప్రతి ఇంట్లో మొదటి రోజున చెబుతాడు. అందరూ తలలూపుతారు, ఊపి, మళ్లీ పట్టుకుంటారు. వద్దంటే, "పడితే ఎవరు జిమ్మేదారి అన్నా?" అంటారు. బండి ప్రయాణం కంటే ఈ ప్రేమే అతన్ని ఎక్కువ అలసగొట్టేది.

సారమ్మ ఇంట్లోనూ మొదటి రోజు అట్లాగే మొదలైంది.

ఆమెది అతని చర్చే. డెబ్బై దాటిన విధవరాలు. కొడుకు మోహన్ హుమ్నాబాద్‌లో ఫ్యాక్టరీ షిఫ్టులకు వెళతాడు, కోడలు లీయా ఇంటి దగ్గర బట్టలు కుడుతుంది. వానాకాలంలో పెరటి మెట్టు మీద జారిపడి సారమ్మ ఎడమ తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. ఎముక అతికింది గాని ఆమె మంచానికీ కుర్చీకీ మధ్యనే నెలలు గడిపింది.

ఏ ఇంట్లోనైనా గిద్యోను ముందుగా అడిగే ప్రశ్న ఒకటే. అదే అడిగాడు.

"ఏం చెయ్యగలగాలె అమ్మా నువ్వు?"

లీయా జవాబిచ్చింది. "బాత్రూమ్‌కు తనంతల తాను పోయొస్తే చాలు అన్నా."

"అది దానికి గావాల్సింది" అంది సారమ్మ, కోడలి వైపు చూడకుండానే. "నాకు గావాల్సింది వేరే. బల్లకాడ మోకాళ్లూనాలె. ఊని, ఎవ్వరు పట్టకుంట లేవాలె."

వాళ్ల చర్చిలో నెలకొకసారి, మొదటి ఆదివారం, ప్రభువు చివరి విందు గుర్తుగా ప్రభు బల్ల ఇస్తారు. ఒక్కొక్క వరుస చెప్పులు లేని కాళ్లతో ముందుకు వెళ్లి, ఆల్టర్ పీఠం ఎదుట ఉన్న పొట్టి చెక్క కమ్మీ దగ్గర మోకరిస్తుంది. చాచిన అరచేతిలో రొట్టె ముక్క పెడతారు, తర్వాత చిన్న గిన్నెలో ద్రాక్షరసం ఇస్తారు. పాస్టరు ఒక వాక్యం చదివి, సమాధానముతో, అంటే శాంతితో, లేచి వెళ్లుడి అంటాడు. వరుస మొత్తం ఒకేసారి లేస్తుంది. మోకాళ్లూనలేనివాళ్లు ముందు బెంచీల్లో కూర్చునే ఉంటారు, అందరివీ అయ్యాక పాస్టరే దిగివచ్చి వాళ్లకు ఇస్తాడు. అందులో తప్పేమీ లేదు, ఎవరూ తప్పనరు కూడా.

"ప్రభువు కూసున్నోళ్లకు గూడ ఇస్తడు కదా అత్తమ్మా" అంది లీయా.

"ఇస్తడు. ఎట్ల తీసుకోవాల్నో నా ఇష్టం."

"గట్లంటే కూసున్నోళ్లంత తక్కువోళ్లా?"

చర్చి స్త్రీల సమాజంలో పెద్దగా సారమ్మ ఎన్నో ఏళ్లు ఆ కమ్మీ చివర నిలబడింది. లేవలేని ముసలమ్మలను మోచెయ్యి పట్టి లేపడం ఆమె వంతు.

"వాళ్లను తక్కువ చేస్తలేను బిడ్డా. ఇన్నేండ్లు లేపినదాన్ని. ఒక ముసల్దాన్ని చెరొక రెక్క పట్టి లేపుతున్నప్పుడు, లేపేటోళ్లిద్దరు దాని తల మీదికెళ్లి ఒకరినొకరు ఎట్ల చూసుకుంటరో నాకెర్క. నేను గూడ గట్లనే చూసిన. ఆ చూపు నా తల మీదికెళ్లి పోవద్దు."

గిద్యోను మాట ఇవ్వలేదు. మాటలు ఇచ్చి అలసిపోయిన మనిషి అతను. సంగమేష్‌ను అడిగితే ఎక్స్‌రే చూసి, "ఎముక గట్టిగానే ఉంది, మోకరించొచ్చు. మనిషి ఒప్పుకుంటే చెయ్యి, కానీ తొందరపడకు" అన్నాడు. మనిషి ఒప్పుకోవడమా? ఆమె పట్టుబట్టి కూర్చుంది.

మొదట కుర్చీలోంచి చేతులు ఊనకుండా లేవడం నేర్పాడు. తర్వాత వంటగది గట్టు వేళ్లతో పట్టుకుని ఒక కాలి మీద నిలబడటం, గోడవెంట మడమ ముందు మడమ పెట్టి నడవడం. అది నిలకడగా వచ్చాక నేల మీద బొంత మడిచి పరిచి, మంచం పట్టెను కమ్మీ అనుకొమ్మని, మోకరించడం మొదలుపెట్టాడు. విరిగిన ఎడమ కాలు వెనక్కి వేసి ఆ మోకాలు ముందు దించాలి. లేచేటప్పుడు మంచి కాలు, కుడిది, ముందుకు తెచ్చి పాదం నేలకు ఆన్చి, ఒక చెయ్యి పట్టె మీద వేసి పైకి నెట్టుకోవాలి. చూసేవాళ్లకు ఇంతే. చేసేవాళ్లకు అదొక కొండ.

ఆ కొండ ఎక్కుతున్నంతసేపూ గిద్యోను ఆమె వెనకాల నిలబడేవాడు, అరచేతులు చాచి.

"నీ నిలబడుడు చూస్తే దొంగను పట్టుకుంటందుకు వచ్చిన పోలీసోని లెక్క ఉన్నది" అనేది సారమ్మ.

"పారిపోయే ఓపిక ఉందా అమ్మా నీకు?"

"నువ్వు రాకముందు ఉండె."

ఒక్కొక్కరోజు ఆమె తిట్టేది. ఒక్కొక్కరోజు పాడుకుంటున్న కీర్తన మధ్యలో ఆపి, ఇవాళ నా తోని కాదు పో అనేది. అతను కదలకుండా నిలబడేవాడు. తిరిగి వెళ్లాలన్నా బండి తన్నాలి కదా అన్న అలసట అది, ఆమె దాన్ని ఓర్పు అనుకునేది. చివరికి ఒక ఉదయం సారమ్మ మోకరించి, రెండు అరచేతులూ చాచి రొట్టె అందుకున్నట్టు నోటికి తెచ్చుకుని, ఒక చెయ్యి పట్టె మీద వేసి లేచింది. గిద్యోను చేతులు ఆమెను ముట్టలేదు. మర్నాడూ లేచింది. ఆ తర్వాత రోజూ లేచింది. లీయా కుట్టు మిషన్ ఆపి చప్పట్లు కొట్టింది. వచ్చే మొదటి ఆదివారానికి సిద్ధమే అని ముగ్గురూ అనుకున్నారు.

ఆ ఆదివారం గిద్యోను తన చోట కూర్చున్నాడు. చిన్నతనంలో తండ్రి ఒడిలో కూర్చున్న వైపు అదే, కుడివైపు మగవాళ్ల బెంచీలు. ఎడమవైపు ఆడవాళ్లు. మధ్యలో ఎర్రటి తివాచీ పరిచిన దారి. బల్ల ఇచ్చేటప్పుడు ముందు మగవాళ్ల వరుసలు వెళ్లి వస్తాయి, ఆ తర్వాతే ఆడవాళ్లవి. అతను మగవాళ్లలో చివరిదైన తన వరుసతో వెళ్లి మోకరించి, తీసుకుని, తిరిగి వచ్చి కూర్చున్నాడు. ఆడవాళ్ల మొదటి వరుస లేచింది. సారమ్మ తన చేతికర్ర బెంచీకి ఆనించి, లీయాకంటే ముందు నడిచింది.

అప్పుడు తట్టింది అతనికి. ఆడవాళ్ల వరుస మోకరించినప్పుడు పాస్టరు తప్ప ఏ మగవాడూ ఆ కమ్మీ దరిదాపుల్లోకి వెళ్లడు. వెళ్లకూడదని ఎవరూ చెప్పరు, ఎక్కడా రాసిపెట్టలేదు. చెప్పవలసిన అవసరం ఏ తరానికీ రాలేదు. ప్రతి అభ్యాసంలోనూ ఆమె వెనకాల ఒక మగవాడు నిలబడ్డాడు. ఇక్కడ ఆమె వెనకాల ఎవరూ ఉండరు. చిన్నప్పటినుంచీ ఈ చర్చిలో కూర్చున్నవాడికి ఆ సంగతి ఒక్కసారైనా గుర్తు రాలేదు. వెనక నిలబడటం అతనికి అంతగా ఊపిరైపోయింది, దాన్ని ఒక ఆసరాగా లెక్కపెట్టడమే మరిచిపోయాడు.

సారమ్మ చక్కగా మోకరించింది. రొట్టె తీసుకుంది, రసం తీసుకుంది. పాస్టరు లేచి వెళ్లుడి అన్నాడు. వరుస లేచింది. ఆమె కుడికాలు ముందుకు తెచ్చింది, చెయ్యి కమ్మీ మీద వేసింది, అంతవరకూ అంతా సరిగ్గానే ఉంది. ఇంతలో తల కొద్దిగా వెనక్కి తిప్పింది. కంటి చివరతో వెనక ఏముందో చూసుకుంది. అక్కడ చేతులు లేవు. పాదం మెల్లగా వెనక్కి జారిపోయింది.

లీయా వంగి పట్టుకోబోతే మోచేత్తో తోసేసింది. రెండో వరుస ఆడవాళ్లు ఉత్త పాదాలతో దారిలో నిలబడి కొంగులు సర్దుకుంటున్నారు. పాట పాడేవాళ్లు అయిపోయిన చరణాన్ని మళ్లీ ఎత్తుకున్నారు. గిద్యోను బెంచీ అంచు దాకా జరిగాడు. అడుగు బయట పెడితే ఆమెను లేపగలడు. లేపితే ఆమె కోరిన పని శాశ్వతంగా చెడిపోతుంది. కూర్చునే ఉన్నాడు. చివరికి లీయా ఒక రెక్క, ఇంకొకామె ఒక రెక్క పట్టి సారమ్మను లేపారు. లేపుతూ వాళ్లిద్దరూ ఆమె తల మీదినుంచి ఒకరినొకరు చూసుకున్నారు.

మర్నాడు అతను వెళ్లేసరికి సారమ్మ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది.

"తప్పు నాది అమ్మా" అన్నాడు. "నీ కాళ్లది కాదు."

"కాళ్లు నీవి కావు, తప్పు నీదెట్ల అయితది?"

"నేను ఎనకాల నిలబడి నేర్పిన. ఆడ నేను నిలబడనని నాకు తోచలే."

"నువ్వు నన్ను ఎన్నడు ముట్టలే కదా."

"మరి ఎందుకు ఆగినవ్?"

సారమ్మ ఇటు తిరిగింది. "గోడను రోజు పట్టుకుంటమా? గోడ ఉందని తెలుస్తది, నిదురవడ్తది. నిన్న గోడ లేదు."

ఆ రోజు ఎదురుగా కూర్చుని లేవమన్నాడు. ఆమె లేవలేదు. పక్కన నిలబడ్డాడు, లేవలేదు. వెనక్కి వెళ్లి నిలబడితే చాలు, దారం లాగినట్టు లేచింది. ఎముక అతికింది, కండ వచ్చింది, ఒళ్లు తూకం నేర్చుకుంది. ఇంకేదో మిగిలిపోయింది. ఆ మిగిలినదాన్ని నేర్పే విద్య అతని దగ్గర లేదు. ఆ సాయంత్రం క్లినిక్కులో సంగమేష్‌తో, ఇక నా వల్ల కాదు, ఇంకెవరినైనా పంపండి అన్నాడు. సంగమేష్ చేతులు కడుక్కుంటూ, "ఆమె దేనికి భయపడుతోంది? అడిగావా?" అన్నాడు. అడగలేదు. కాళ్లను గురించి అన్నీ అడిగాడు గాని అది అడగలేదు.

మర్నాడు అడిగితే ఆమె చెప్పడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు.

"ఎనకకు పడుడు. మెట్టు మీద ఎనకకే పడ్డ. పడంగ ఆకాశం కనవడ్డది. దాని తర్వాత ఏం చెయ్యాల్నో తెల్వలే. వానల అట్లనే పడి ఉన్న, మోహన్ వచ్చేదాంక."

గిద్యోను చూపు నేల మీది బొంత మీద పడింది. తాలీంలో ఉస్తాద్ ఎవరికైనా మొదటి నెల పట్లు నేర్పేవాడు కాదు, పడటం నేర్పేవాడు. మెడ లోపలికి ముడుచుకుని, పక్కకు దొర్లి, చేతులతో నేలను నెట్టి లేవడం. పడటం వచ్చినవాడు పోట్లాడగలడు, రానివాడు ఎదుటివాడి కళ్లలోకి కూడా చూడలేడు.

"అమ్మా, నీకు పడుడు నేర్పుతా" అన్నాడు.

మిషన్ దగ్గర లీయా సూది ఆపేసింది. "అన్నా, పడకుంట ఉంటందుకు కదా నిన్ను పిలిచింది?"

ఆ మాట సాయంత్రానికి మోహన్ చెవిన పడింది. మర్నాడు షిఫ్టు మార్చుకుని ఇంట్లోనే ఉన్నాడు. ఇంట్లో ఉన్న రెండు పరుపులూ నేల మీద పరిచి ఉండటం చూసి అతని ముఖం మాడిపోయింది.

"గిద్యోనన్నా, పెద్దోనివి, ఏం అనొద్దనుకున్న. ముసల్దాన్ని కావాలని కింద పడేస్తవా? మళ్ల తుంటి విరిగితే నీ పేరు మీద రాసుకుంటవా?"

"పడేస్తలేను మోహన్. మోకాళ్ల మీదికెళ్లి పక్కకు ఒరుగుడు, ఒరిగి తిరిగి మోకాళ్ల మీదికి వచ్చుడు. డాక్టర్‌సాబ్‌ను అడిగిన, పరుపుల మీద అయితే సరే అన్నడు."

"డాక్టర్‌సాబ్ సరే అన్నడు, నువ్వు సరే అన్నవ్. నేను అనలే. నేను కొడుకును."

"కూసుండి మాట్లాడుకుందాం..."

"మాట్లాడేదేం లేదు. బల్ల కూసుండి తీసుకుంటది. ప్రభువుకేం కోపం రాదు. ఇజ్జత్ నాకు గూడ ఉన్నది, మొన్న చర్చిల అందరు చూసిన్రు."

గిద్యోను సంచి భుజాన వేసుకున్నాడు. నిజం చెప్పాలంటే అతనికి ఒక పక్క హాయిగానే అనిపించింది. వాదించే ఓపిక లేదు. వద్దన్నవాడు ఇంటి పెద్ద. వెళ్లిపోతే తప్పుపట్టేవాళ్లు ఉండరు. గడప దాకా వెళ్లాడు.

"గిద్యోను, ఆగు" అంది సారమ్మ. మంచం పట్టె పట్టుకుని నిలబడి ఉంది. "మోహన్, పడేదెవరు?"

"అమ్మా..."

"పడేదెవరు అంటున్న."

"నువ్వే."

"విరిగితే ఎవరి తుంటి?"

మోహన్ పరుపుల వైపు చూశాడు.

"నీకు చెప్పిన్రు, డాక్టర్‌ను అడిగిన్రు, నీ పెండ్లాం గూడ ఇంత మాట చెప్పింది. నన్ను ఒక్కరన్న అడిగిన్రా? నీ ఇజ్జత్ కోసం నేను కూసోవాల్నా? మొన్న ఆడ ఆగింది నేను, నవ్వులపాలైంది నేను. పడుడు నేర్చుకుంటనో లేదో నేను చెప్త." గిద్యోను వైపు తిరిగింది. "నువ్వేం, సంచి ఏసుకోని తయారైనవ్. ఎవరన్న పొమ్మంటే చాలన్నట్టున్నవ్."

ఆ మాట అతనికి సూటిగా తగిలింది. సంచి దించాడు.

మోహన్ బయటికి వెళ్లి, అరుగు మీద వీపు తిప్పి కూర్చున్నాడు. లోపల మొదటిసారి సారమ్మ పక్కకు ఒరిగినప్పుడు పరుపు మీద పడ్డ చప్పుడుకు అతని వీపు అదిరింది. లేచి రాలేదు. ఒరిగిన సారమ్మ అట్లాగే పడుకుని కప్పును చూస్తూ, "ఆకాశం లేదు" అంది. తర్వాత మోచేతి మీద లేచి, మోకాళ్ల మీదికి వచ్చి, ఆయాసపడుతూ, "ఇంతేనా?" అంది.

"ఇంతే."

"ఇంతదానికా నెలల సంది సచ్చింది."

ఇంతటితో అయిపోలేదు. గిద్యోను వచ్చిన ప్రతి ఉదయమూ ఆమె ఒరిగింది, లేచింది. ఎడమవైపు కుదరక కుడివైపు, కుడివైపు విసుగొచ్చి మళ్లీ ఎడమవైపు. ఒళ్లంతా నొప్పులని పడుకున్న రోజులున్నాయి. అతను చేతులు వెనక్కి కట్టుకోవడం నేర్చుకోవలసివచ్చింది, అది ఆమె నేర్చుకున్నదానికంటే కష్టమైంది. ఆమె ఒరిగిన ప్రతిసారీ అతని చేతులు వాటంతట అవే ముందుకు వచ్చేవి. "కట్టుకో" అనేది సారమ్మ నేల మీదినుంచే. ముందు ఎదురుగా నిలబడ్డాడు, తర్వాత గుమ్మంలో. తర్వాత పెరట్లో నిలబడి చప్పుడు మాత్రమే విన్నాడు. ఒక ఉదయం లీయాను కూడా బయటికి రమ్మని, తలుపు దగ్గరికి వేశాడు. ఇద్దరూ నీళ్ల తొట్టి పక్కన పిల్లి పిల్లల్లా నిలబడి విన్నారు. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. లీయా లోపలికి అడుగు వేయబోతే అడ్డంగా నిలబడ్డాడు. ఆ అడ్డం నిలబడటంలో అతని ఒంట్లో మిగిలిన బలం మొత్తం ఖర్చయిపోయినట్టనిపించింది. కొంతసేపటికి సారమ్మే తలుపు తీసి, "ఏంది, ఇద్దరు పెరట్ల ముచ్చట పెట్టిన్రు? చాయ్ లేదా?" అంది.

అయినా అతనికి ధైర్యం చాలలేదు. ఇల్లు ఇల్లే, చర్చి చర్చే. అక్కడ పరుపులుండవు, అందరి కళ్లూ ఉంటాయి. పైగా మగవాళ్ల బెంచీలో తన ముఖం కనబడుతుంది. తల తిప్పితే చాలు, సారమ్మ దాన్ని వెతుక్కుంటుంది. గోడ కనబడితే మనిషి దాని మీద వాలకుండా ఉండడు.

మొదటి ఆదివారం వచ్చింది. గిద్యోను తన వరుసతో వెళ్లి మోకరించి, రొట్టె, రసం తీసుకున్నాడు. తిరిగివచ్చేటప్పుడు తన బెంచీ దగ్గర ఆగలేదు. నేరుగా పక్క తలుపులోంచి బయటికి నడిచాడు. జాయ్ ఆడవాళ్ల వైపునుంచి చూసి, ఒంట్లో బాగాలేదేమో అనుకుంది.

బయట చెప్పుల కుప్పలు. ఎండ అప్పుడే కాక పట్టింది. అతను కిటికీకి దూరంగా, కొళాయి పక్క సిమెంటు గట్టు మీద కూర్చున్నాడు. లోపలి పాట వినబడుతోంది. పాట ఆగింది. పాస్టరు వాక్యం చదివాడు. సమాధానముతో లేచి వెళ్లుడి అన్నాడు. ఆ తర్వాత ఏ చప్పుడు రావాలో, ఎంతసేపట్లో రావాలో అతనికి తెలుసు. వచ్చిందో లేదో మాత్రం తెలియలేదు. రోడ్డు మీద లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. అది పోయాక మళ్లీ పాట మొదలై ఉంది. ముందువరుస లేచిందనడానికైనా, ఆడవాళ్లు అక్కడే ఆగి ఉన్నారనడానికైనా అదే పాట. తలుపు దాకా వెళ్లి తొంగిచూస్తే తెలిసిపోతుంది. అతను కొళాయి తిప్పి ముఖం కడుక్కుని, మళ్లీ అక్కడే కూర్చున్నాడు.

ఆరాధన ముగిసి జనం బయటికి వచ్చారు. లీయా చెప్పులు కూడా తొడుక్కోకుండా వచ్చింది.

"లేచింది అన్నా. మేమంత లేచినంక, జర ఆగి లేచింది. పాస్టరయ్య గూడ పుస్తకం పట్టుకోని ఆగిండు."

"ఎవరన్న పట్టిన్రా?"

"లేదు. నేను చేతులు కొంగుల చుట్టుకున్న."

"ఏ కాలు ముందు పెట్టింది?"

"నేనేడ చూసిన అన్నా. కండ్లు మూసుకున్న."

మోహన్ వచ్చాడు, ఏమీ అనకుండా గిద్యోను పక్కన నిలబడి బండి తాళాలు తిప్పుకున్నాడు. వెనకనే సారమ్మ చేతికర్రతో గుమ్మంలోకి వచ్చింది. మెట్టు మెట్టుకూ ఆగుతూ దిగి, గిద్యోను ఎదుట నిలబడింది.

"ఏడ పోయినవ్? తల తిప్పి చూసిన, నీ జాగ ఖాళీ ఉన్నది."

"గాలికి వచ్చిన అమ్మా."

"ఎండల గాలికి వచ్చిండట. బల్ల తీసుకున్న నోటితోనే అబద్ధం."

"ఏ కాలు ముందు పెట్టినవ్?"

సారమ్మ ఆలోచించింది. కనుబొమలు ముడిచి, కిందికి తన రెండు పాదాల వైపూ చూసుకుంది. "యాదికి లేదు బిడ్డా" అంది చివరికి. "నీ జాగ ఖాళీగ ఉన్నదని కోపమొచ్చింది. ఆ కోపంల లేచిన."

అని రెండు అడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరగకుండానే చెప్పింది. "ఇగ రేపటి సంది రాకు. నేను చేసుకుంట. చేసుకోకుంటే లీయా తిడ్తది."

"సరే అమ్మా."

వాళ్లు గేటు దాటి వెళ్లారు. అతని పని సఫలమైన ప్రతిచోటా చివరికి వినవలసిన మాట అదే. అది వినడానికే అతను అన్ని ఇళ్లకూ తిరుగుతాడు. విన్న ప్రతిసారీ ఒంట్లోంచి ఏదో తీసేసినట్టు ఉంటుంది. జాయ్ చెప్పులు వెతుక్కుని వచ్చి అతని ముఖం చూసింది.

"ఏమన్నది సారమ్మ?"

"రావొద్దన్నది."

"మంచిదే కదా?"

"మంచిదే" అన్నాడు గిద్యోను. బండి స్టాండు తీసి, ఎక్కి, తాళం తిప్పడానికి ముందు ఒక్క క్షణం అట్లాగే కూర్చున్నాడు. "రేపు పొద్దుగాల జరసేపు ఎక్కువ పండుకుంట."